విజయనగరం సీటు: కోట గెలిచిన లెక్క, ఓడిన లెక్క

మాది విజయనగరం అని చెప్పగానే బయట ఊళ్లవాళ్లు అనే మాట దాదాపు ఒకటే. "రాజుల ఊరు కదా, ఇంక మీకు ఎన్నికలేంటి, ఓటు కోటకే కదా!" ఆ మాట విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. మే నెల ఎండలో లైన్లో నిలబడి, వేలికి సిరా వేయించుకుని ఇంటికొచ్చే మనిషికి సొంత ఆలోచన లేదన్నట్టుగా ఉంటుంది ఆ మాట. లెక్కలు తీసి చూస్తే అది సగమే నిజం. మిగతా సగంలోనే మా ఊరి అసలు రాజకీయం ఉంది.

ముందు అందరికీ తెలిసిన సగం చూద్దాం. 1978 నుంచి 2024 దాకా విజయనగరం అసెంబ్లీ స్థానానికి 11 సాధారణ ఎన్నికలు జరిగాయి. వాటిలో 10 సార్లు కోటవారు, అంటే మా ఊరి రాజకుటుంబమైన పూసపాటి కుటుంబం నుంచి ఒకరు పోటీలో ఉన్నారు. 8 సార్లు గెలిచారు, 2 సార్లు ఓడారు. మిగిలిన ఒక్కసారి, 2014లో, కుటుంబం నుంచి ఎవరూ ఈ సీటుకు నిలబడలేదు. పదికి ఎనిమిది అంటే కోట సీటే కదా అనిపిస్తుంది.

ఇప్పుడు అదే జాబితాను ఇంకో వైపు నుంచి చదవండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1967 నుంచి 2009 దాకా కాంగ్రెస్ ఆరుసార్లు ఎన్నికల్లో నెగ్గి ప్రభుత్వం ఏర్పాటు చేసింది: 1967, 1972, 1978, 1989, 2004, 2009. ఆ ఆరింటిలో మా పట్టణం కాంగ్రెస్‌కు సీటు ఇచ్చింది ఒక్క 1972లోనే. మిగతా ఐదుసార్లూ ఊరు ఎదురీదింది. 1967లో జనసంఘాన్ని, 1978లో జనతా పార్టీని, 1989లోనూ 2009లోనూ తెలుగుదేశాన్ని, 2004లో ఒక ఇండిపెండెంట్‌ను గెలిపించింది. ఈ సీటు చరిత్రకు తాళంచెవి ఇక్కడే ఉందని నా నమ్మకం. కోట మీది గౌరవం నిజమే. అంతకంటే లోతుగా పారిన ధార మాత్రం కాంగ్రెస్ వ్యతిరేకత. కోట ఆ ధారతో కలిసి నడిచినంత కాలం ఊరు కోటతో ఉంది. కోట కాంగ్రెస్ వైపు మళ్లినప్పుడు ఊరు దాని వెంట వెళ్లలేదు.

ఒకే పేరు, నాలుగు గీతలు

కథలోకి వెళ్లే ముందు ఒక చిక్కుముడి విప్పాలి. విజయనగరం అన్న పేరుతో నాలుగు వేర్వేరు హద్దులు ఉన్నాయి. టీవీ చర్చల్లో వీటిని కలిపేసి మాట్లాడుతుంటారు. దాంతో ఎవరు ఎక్కడ గెలిచారో, ఎందుకు గెలిచారో అంతా కలగాపులగం అవుతుంది.

మొదటిది జిల్లా. 1979 జూన్ 1న విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కొంత కొంత భాగం తీసి దీన్ని ఏర్పాటు చేశారు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోవడంతో మళ్లీ రూపం మారింది. రెండోది లోక్‌సభ స్థానం. 1952 తొలి ఎన్నికల్లో విజయనగరం పేరుతో లోక్‌సభ స్థానం ఉండేది. సోషలిస్టు పార్టీ అభ్యర్థి కందాళ సుబ్రహ్మణ్యం అక్కడ గెలిచారు. తరువాత ఆ పేరు మాయమైంది. చాలాకాలం బొబ్బిలి పేరుతో ఉన్న స్థానం 2008 పునర్విభజనలో రద్దయి, 2009 నుంచి మళ్లీ విజయనగరం లోక్‌సభ వచ్చింది. ఇందులో బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరంతో పాటు ఎచ్చెర్ల, రాజాం కూడా ఉన్నాయి. కాబట్టి ఎంపీ గెలుపోటములు పట్టణం చేతుల్లో ఉండవు, పల్లెలే తేలుస్తాయి.

మూడోది అసెంబ్లీ స్థానం. మనం మాట్లాడుకుంటున్నది దీని గురించే. 2008 పునర్విభజన తరువాత ఇది దాదాపుగా విజయనగరం మండలం ఒక్కటే. అంటే పట్టణం, దాన్ని అంటుకుని ఉన్న కొన్ని పల్లెలు. జిల్లాలో 12 ఉన్న అసెంబ్లీ స్థానాలు అప్పుడే 9కి తగ్గాయి. సతివాడ, భోగాపురం, ఉత్తరాపల్లి, తెర్లాం లాంటి పేర్లు పోయి నెల్లిమర్ల కొత్తగా వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పూసపాటివారి పేరు మోసే పూసపాటిరేగ ఇప్పుడు నెల్లిమర్ల స్థానంలో ఉంది. భోగాపురం విమానాశ్రయం భూములూ అక్కడే. విమానాశ్రయం మీద ఊళ్లో ఎంత చర్చ జరిగినా, భూమి పోగొట్టుకున్న రైతు ఓటు మాత్రం ఈ సీటు లెక్కలోకి రాదు.

నాలుగోది నగరపాలక సంస్థ. 1888లో మునిసిపాలిటీగా మొదలైన ఊరు ఇప్పుడు 50 డివిజన్ల కార్పొరేషన్. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా 2 లక్షల 28 వేలు. అసెంబ్లీ హద్దు, కార్పొరేషన్ హద్దు ఒకటి కావు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చివరికి వచ్చేసరికి పేదవాడి మీద ఎంత ప్రభావం చూపుతుందో చెబుతాను.

ఎర్రటోపీ రాజుగారు

జమీందారీల పతనం మా ప్రాంతంలో స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1937లో బొబ్బిలిలో వి.వి. గిరి గారు బొబ్బిలి రాజాగారిని ఓడించారు. ఆ రాజాగారు అప్పటికి జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన మనిషి. జనం రాజును ఓటుతో దించగలరన్న సంగతి పక్క సంస్థానంలోనే రుజువైంది. విజయనగరం కోటలో పెరుగుతున్న కుర్రవాడికి అది తెలియకుండా ఉండదు.

ఆ కుర్రవాడే పూసపాటి విజయరామ గజపతిరాజు, అందరికీ పి.వి.జి. రాజు. 1924లో పుట్టారు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చి సంస్థానం పోయింది. దేశంలో చాలామంది మాజీ రాజులు అప్పుడు కాంగ్రెస్‌లో చేరారు, లేదా తమ ఆస్తులను కాపాడే పార్టీలను వెతుక్కున్నారు. పి.వి.జి. మాత్రం సోషలిస్టు అయ్యారు. రామ్‌మనోహర్ లోహియాకు దగ్గరయ్యారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో ప్రజా సోషలిస్టు పార్టీ తరఫున విజయనగరం నుంచి గెలిచారు. 1957లో విశాఖపట్నం నుంచి సోషలిస్టుగా లోక్‌సభకు వెళ్లారు. 1958లో తండ్రి అలక్ నారాయణ పేరుతో మాన్సాస్ ట్రస్టు పెట్టి, కోటను, వేల ఎకరాల భూములను విద్యకు అప్పగించారు. ఇప్పటికీ కోట గుమ్మంలోంచి పుస్తకాలు పట్టుకుని పిల్లలు లోపలికి వెళ్తుంటారు. కోట గోడల మధ్యే తరగతి గదులు ఉన్నాయి. 'మా తాత ఎం.ఆర్. కాలేజీలో చదివాడు, మా అమ్మ కోటలో చదువుకుంది' అనే ఇళ్లు ఊళ్లో వందలు. ఈ సీటులో కోటకు దక్కిన ఓటులో భయభక్తులు ఎంత ఉన్నాయో చెప్పలేను గానీ, ఈ చదువు తాలూకు కృతజ్ఞత మాత్రం చాలా ఉంది. బయటివాళ్లకు కనపడనిది ఇదే.

ఇక్కడే మలుపు. 1960 ప్రాంతంలో పి.వి.జి. రాజు కాంగ్రెస్‌లోకి వెళ్లారు, రాష్ట్రంలో మంత్రి అయ్యారు. ఆయన బాబాయి, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన విజ్జీ, 1960లో విశాఖ ఎంపీ అయ్యారు. సోషలిస్టు ఉద్యమం నుంచి వచ్చిన భాట్టం శ్రీరామమూర్తి 1962లో విజయనగరం నుంచి అసెంబ్లీకి గెలిచారు. కోట పూర్తిగా అధికార పక్షంతో కలిసిపోయిన కాలం అది.

మరి 1967లో ఏమైంది? విజయనగరం భారతీయ జనసంఘం అభ్యర్థి ఒబ్బిలిశెట్టి రామారావును గెలిపించింది. రాష్ట్రం మొత్తం మీద జనసంఘానికి వచ్చిన సీట్లు మూడు. ఆ మూడింటిలో ఒకటి మాది. రాజుగారు సోషలిస్టుగా ఉన్నప్పుడు ఓటు వేసిన ఊరు, ఆయన కాంగ్రెస్‌లో ఉన్న దశాబ్దంలో దీపం గుర్తుకు వేసింది. సోషలిస్టుకూ జనసంఘానికీ సిద్ధాంతాల్లో పొంతన లేదు. కలిసేది ఒక్కచోటే, రెండూ కాంగ్రెస్‌కు ఎదురు. ఓటు కోటకే అనేవాళ్లు 1967 ఫలితాన్ని ఎలా వివరిస్తారో నాకు అర్థం కాదు.

ఎందుకు ఇంత వ్యతిరేకత? నాకు తోచింది చెబుతాను. మాది కాలేజీల ఊరు, మేష్టర్ల ఊరు, జూట్ మిల్లుల చుట్టూ కార్మిక సంఘాలు పెరిగిన ఊరు. గంటస్తంభం దగ్గర నుంచి ఉల్లివీధి దాకా వర్తకుల ఊరు. వీళ్లెవరూ పల్లె పెత్తనం మీద ఆధారపడి బతికేవాళ్లు కారు. చుట్టుపక్కల కాంగ్రెస్ మాత్రం పల్లె పెద్దల మీద నిలబడింది. భూమి ఉన్నవాళ్లు, సర్పంచులు, సమితి అధ్యక్షులు దాని బలం. పట్టణం వాళ్లకు ఆ పార్టీ తమది అనిపించలేదు. జిల్లా రాజకీయానికీ పట్టణ రాజకీయానికీ మధ్య ఉన్న ఈ పేచీ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

1972లో కాంగ్రెస్ గాలి బలంగా వీచింది. అప్పుడు సీటు దాని ఖాతాలో పడింది. అదే చివరిసారి.

ఇరవై ఆరేళ్ల కుర్రవాడు

1978 ఫిబ్రవరి ఎన్నికల్లో రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెస్. విజయనగరంలో జనతా పార్టీ. గెలిచింది పి.వి.జి. రాజు గారి చిన్న కొడుకు అశోక్ గజపతిరాజు, అప్పటికి వయసు 26. ఎమర్జెన్సీ గాయం ఇంకా పచ్చిగా ఉంది. తండ్రి చాలాకాలం కాంగ్రెస్‌లో ఉన్నా, కొడుకు కాంగ్రెస్‌కు ఎదురు నిలబడ్డాడు. కోటకూ ఊరికీ మధ్య తెగిన తాడు అప్పుడు మళ్లీ ముడిపడింది.

1982 మార్చిలో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. పార్టీకి ఏడాది నిండకుండానే 1983 జనవరి ఎన్నికలు. అశోక్ అందులో చేరి గెలిచారు. తరువాత 1985, 1989, 1994, 1999. జనతాతో కలిపి వరసగా ఆరు గెలుపులు. వీటిలో 1989 గెలుపే నా దృష్టిలో పెద్దది. ఆ ఎన్నికల్లో ఎన్టీఆరే కల్వకుర్తిలో ఓడిపోయారు, రాష్ట్రం కాంగ్రెస్ చేతికి పోయింది. మా ఊరు మాత్రం కదలలేదు. మంత్రిగా ఎక్సైజు, వాణిజ్య పన్నులు, ఆర్థికం, రెవెన్యూ శాఖలు అశోక్ గారు చూశారు. ఆయన అన్నగారు ఆనంద గజపతిరాజు కూడా ఎన్టీఆర్ తొలి మంత్రివర్గంలో పనిచేశారు, తరువాత బొబ్బిలి ఎంపీ అయ్యారు.

అశోక్ గారి గురించి ఊళ్లో రెండు రకాల మాటలు వినిపించేవి. రెండూ ఒకే నోటి నుంచి వినడం నాకు తెలుసు. "మనిషి నిజాయితీపరుడు, ఒక్క మచ్చ లేదు" అన్నది మొదటిది. "కానీ పని కావాలంటే ఆయన దగ్గర కాదు" అన్నది రెండోది. బంగ్లాకి వెళ్లి అర్జీ ఇస్తే చదివేవారు, రూల్ లేకపోతే కుదరదని మొహం మీదే చెప్పేవారు. బదిలీ కోసమో సీటు కోసమో వెళ్లినవాడు నొచ్చుకుని తిరిగొచ్చేవాడు. ఓటు రోజున అదే మనిషి ఆయనకే వేసేవాడు. చదువుకున్న పట్టణ ఓటరు మనసులో ఈ గుంజులాట ఇరవై ఆరేళ్లు సాగింది.

తలుపు తట్టితే పలికే మనిషి

2004లో ఆ గుంజులాట ఒక పక్కకి ఒరిగింది. కోలగట్ల వీరభద్రస్వామి వైశ్య సామాజిక వర్గం నుంచి వచ్చిన నాయకుడు, కాంగ్రెస్‌లో ఎదిగినవారు. ఆ ఎన్నికలో మాత్రం హస్తం గుర్తు లేకుండా ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. స్వల్ప తేడాతో అశోక్ గజపతిరాజును ఓడించారు. రాష్ట్రంలో తొమ్మిదేళ్ల తెలుగుదేశం పాలన మీద వ్యతిరేకత ఉంది, వైఎస్ పాదయాత్ర ప్రభావం ఉంది. అయినా ఊరు కాంగ్రెస్‌కు వేయలేదు చూడండి. కోటను మార్చాలనుకుంది, కానీ హస్తానికి వేయలేక మూడో దారి వెతుక్కుంది.

స్వామి గారి బలం వేరు. పెళ్లికి పిలిస్తే వస్తారు, చావుకి పిలవకపోయినా వస్తారు. కుళాయి రావట్లేదని ఫోన్ చేస్తే ఇంజినీరుకు అక్కడికక్కడే ఫోన్ వెళ్తుంది. పట్టణాల్లో ఎమ్మెల్యే అంటే శాసనాలు చేసే మనిషి అని పుస్తకాల్లో ఉంటుంది. వీధిలో మాత్రం కుళాయి, కాలువ, రేషన్ కార్డు, ఆసుపత్రిలో బెడ్డు, ఇవే ఎమ్మెల్యే పని. ఆ పనికి తలుపు తట్టితే పలికే మనిషి కావాలి. కోటకి పెద్ద గుమ్మం ఉంది, కానీ రాత్రి పదింటికి ఆ గుమ్మం తట్టే ధైర్యం సామాన్యుడికి ఉండదు.

2009లో స్వామి గారు కాంగ్రెస్ అభ్యర్థిగా దిగారు. రాష్ట్రంలో వైఎస్ రెండోసారి గెలిచారు. జిల్లాలో బొత్స సత్యనారాయణ హవా నడుస్తోంది, కొత్త విజయనగరం లోక్‌సభకు బొత్స ఝాన్సీలక్ష్మి ఎంపీ అయ్యారు. అన్నీ కలిసొచ్చినట్టే ఉంది. అయినా పట్టణం మళ్లీ అశోక్ గారినే ఎన్నుకుంది. గుర్తు లేకుండా గెలిచిన మనిషి, గుర్తుతో ఓడిపోయారు. 1972 తరువాత హస్తానికి ఈ సీటు దక్కనే లేదు.

అక్టోబరు కర్ఫ్యూ

2013 అక్టోబరు మొదటి వారం మా ఊరివాళ్లు ఎవరూ మరిచిపోలేరు. తెలంగాణ ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. బొత్స అప్పుడు పీసీసీ అధ్యక్షుడు. రాష్ట్రం విడిపోతుంటే పార్టీకి పెద్దగా ఉన్న మనిషి మా జిల్లావాడు. ఆ కోపమంతా ఆయన ఇళ్లమీద, ఆస్తులమీద పడింది. రాళ్లు, నిప్పు, లాఠీచార్జి, చివరికి కర్ఫ్యూ.

మా వీధి అప్పుడు ఎలా ఉందో నాకు కళ్లకు కట్టినట్టు గుర్తు. మూడులాంతర్ల దగ్గర ఎప్పుడూ ఆగని ఆటోలు ఒక్కటి లేదు. రోడ్డు మీద కాలిన టైరు చుట్టూ తారు కరిగి నల్లటి వలయం. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లోనే పాల పాకెట్లు, ఉల్లిపాయలు, మందులు కొనుక్కుని పరిగెత్తడం. పక్కింటి పెద్దాయన బీపీ మాత్రల కోసం మూడు మెడికల్ షాపులు తిరిగాను. మూడోదాని షట్టర్ సగం దించి ఉంది, వంగి లోపలికి చెయ్యి చాపి తీసుకున్నాను. ఏ క్షణం సైరన్ వస్తుందోనని టెన్షన్. వీణ, వయొలిన్ నేర్పిన ఊళ్లో, గురజాడ తిరిగిన ఊళ్లో ఇలాంటి రోజు వస్తుందని ఎవరం అనుకోలేదు.

ఆ వారంలో మా ఊళ్లో కాంగ్రెస్ ముగిసింది. 2014లో సీమాంధ్రలో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. కాంగ్రెస్ పోవడంతో మా సీటుకు ఉన్న పాత ఇరుసు కూడా ఊడిపోయిందని నేననుకుంటాను. ఎదురు నిలవడానికి కాంగ్రెస్ లేకపోయాక, పట్టణం ప్రతిసారీ రాష్ట్రంలో వీచిన గాలితోనే వెళ్లింది. 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్లీ తెలుగుదేశం. ఎదురీదే అలవాటు అక్కడితో ఆగింది.

ఇద్దరు మహిళలు, మూడు ఎన్నికలు

2014లో అశోక్ గారు లోక్‌సభకు వెళ్లారు. గెలిచి కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయమై రాజీనామా చేసేదాకా ఆ పదవిలో ఉన్నారు. అసెంబ్లీకి తెలుగుదేశం మీసాల గీతను నిలబెట్టింది. ఆమె 15 వేల పైచిలుకు ఆధిక్యంతో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి వీరభద్రస్వామిని ఓడించారు. కోటవాళ్లు కాని మనిషి, పైగా మహిళ, సునాయాసంగా గెలిచారు. తూర్పు కాపులు, వెలమలు, యాదవులు, దళితులు ఎక్కువగా ఉన్న చోట క్షత్రియ కుటుంబం లేకుండానే సైకిల్ గుర్తు నిలబడింది. కోట ఓటు, పార్టీ ఓటు రెండూ ఒకటి కాదని అప్పుడే బయటపడింది.

2019లో పార్టీ ఆ పాఠాన్ని పక్కన పెట్టింది. గీతను తప్పించి అశోక్ గారి కుమార్తె అదితి గజపతిరాజుకు టికెట్ ఇచ్చింది. తండ్రి లోక్‌సభకు, కూతురు అసెంబ్లీకి. ఇద్దరూ ఒకే రోజు ఓడిపోయారు. అసెంబ్లీలో స్వామి గారి ఆధిక్యం 6,417 ఓట్లు. జిల్లాలో 9కి 9 సీట్లు వైఎస్సార్ కాంగ్రెస్‌వే. ఆ గాలిలో మిగతా చోట్లతో పోలిస్తే ఆరు వేలు చిన్న తేడాయే. అంటే కోట పునాది కదిలింది గానీ కూలలేదు.

తరువాత రెండేళ్లలో జరిగినవే పట్టణం మనసు మార్చాయని నా అభిప్రాయం. 2020 మార్చిలో ప్రభుత్వం మాన్సాస్ ట్రస్టు ఛైర్మన్ పదవి నుంచి అశోక్ గారిని తప్పించి, ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితను కూర్చోబెట్టింది. ట్రస్టు అంటే ఇక్కడ కేవలం పదవి కాదు. సింహాచలం లాంటి ఆలయాలు, కాలేజీలు, ఉద్యోగుల జీతాలు, పింఛన్లు అన్నీ దాంతో ముడిపడి ఉన్నాయి. 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసి అశోక్ గారిని తిరిగి నియమించింది. ఈలోగా 2020 డిసెంబరు చివర రామతీర్థంలో రాములవారి విగ్రహం ధ్వంసం కావడం ఊరంతటినీ కలచివేసింది. ఏనాడూ రాజుగారికి ఓటు వెయ్యని కుటుంబాల్లో కూడా "ఆయన్ని ఇలా చెయ్యకూడదు" అన్న మాట నేను విన్నాను.

ఆ కోపం వెంటనే ఓటులో కనపడలేదు. 2021 మార్చిలో జరిగిన తొలి కార్పొరేషన్ ఎన్నికల్లో 50 డివిజన్లలో 48 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. స్వామి గారి కుమార్తె శ్రావణి కార్పొరేటర్‌గా గెలిచి డిప్యూటీ మేయర్ అయ్యారు. 2022 సెప్టెంబరులో ఆయన స్వయంగా శాసనసభ డిప్యూటీ స్పీకర్ అయ్యారు. వారసత్వం కోటలో మాత్రమే ఉందనుకునేవాళ్లు ఈ రెండో ఇంటిని కూడా గమనించాలి.

2024 మేలో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి వచ్చాయి. టికెట్ రాని మీసాల గీత ఇండిపెండెంట్‌గా బరిలో ఉన్నారు. ఓట్లు చీలతాయని లెక్కలు వేశారు. చీలలేదు. అదితికి 1,21,241 ఓట్లు, వీరభద్రస్వామికి 60,632. తేడా 60,609, అంటే ఓడిన అభ్యర్థికి మొత్తం వచ్చిన ఓట్లకు దాదాపు సమానం. మూడేళ్ల కింద 48 డివిజన్లు ఇచ్చిన ఊరే ఇది. పట్టణం ఇచ్చే స్థానిక తీర్పును చూసి అసెంబ్లీ జోస్యం చెప్పడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. 2021లో వార్డులో ఓటు పడింది పథకం చూసి, వాలంటీరు చూసి, అధికారంలో ఎవరున్నారో చూసి. అసెంబ్లీలో లెక్క వేరు.

2025 జులైలో అశోక్ గజపతిరాజు గోవా గవర్నర్ అయ్యారు, పార్టీ రాజకీయం వదిలారు. 1978లో మొదలైన ప్రయాణం అలా ఆగింది. కోట ఓటు ఆయన మీద గౌరవమా, కుటుంబం మీద గౌరవమా అన్నది ఇకముందు జరిగే ఎన్నికల్లోనే తేలుతుంది. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను మూడులాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. రాజకుటుంబం కోట బురుజు మీద నుంచి చూస్తుంది. జనం మాత్రం బురుజు వైపు తల తిప్పేది క్షణమే, కళ్లన్నీ మాను చివర కూర్చున్న పూజారి మీదే. ఉత్సవం అమ్మవారిది అని అందరికీ తెలుసు.

ఇల్లు ఒకచోట, ఓటు ఒకచోట

ఇప్పుడు గీతల దగ్గరికి తిరిగి రావాలి. పట్టణంలో స్థలం లేని పేదలకు ఇళ్ల పట్టాలు ఇవ్వడానికి గుంకలాంలో 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లతో పెద్ద లేఅవుట్ వేశారు. 2020 డిసెంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి వచ్చి ప్రారంభించారు. గుంకలాం విజయనగరం మండలంలోనిదే. అంటే అసెంబ్లీ సీటు మారదు. కానీ అది పంచాయతీ ఊరు. కార్పొరేషన్ గీతకు అవతల ఉంది.

మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఒక అక్కకి అక్కడ పట్టా వచ్చింది. గోడలు లేచాయి, స్లాబు పడింది. ఆమె ఇంకా దాసన్నపేటలో అద్దెకే ఉంటోంది. "అక్కడి నుంచి రోజూ రావాలంటే ఆటోకే సగం జీతం పోద్దమ్మా" అని మా ఆవిడతో అంది. ఓటరు కార్డు మార్చుకోమని ఎవరో చెప్పారట, ఆమె మార్చుకోలేదు. ఎందుకని నేనే అడిగాను. "ఇక్కడ కుళాయి రాకపోతే అడగడానికి మా డివిజన్ మనిషి ఉన్నాడు బాబూ. అక్కడికెళ్తే ఎవుర్ని అడగాల?" అంది.

ఆమె అడిగింది నిజమే. చంపావతి నది నుంచి, ముషిడిపల్లి నుంచి గొట్టాల్లో వచ్చే నీళ్లు పట్టణం దాహానికే చాలడం లేదు, వేసవిలో ట్యాంకర్లు తప్పడం లేదు. తారకరామ తీర్థసాగర్ జలాశయం పూర్తయితే ఊరికి నీళ్లొస్తాయని ఏళ్లుగా ప్రతి ఎన్నికలోనూ వింటున్నాం. పన్నెండు వేల కుటుంబాలు గీత దాటి అవతలికి వెళ్తే, ఎమ్మెల్యేను ఎన్నుకునే ఓటు వాళ్లకు ఉంటుంది. మేయర్‌ను, కార్పొరేటర్‌ను నిలదీసే ఓటు పోతుంది. అక్కడ కాలువ, కుళాయి, వీధి దీపం చూడాల్సింది ఒక చిన్న పంచాయతీ. ఆమె పాత వార్డు జాబితాలో పేరు అలాగే ఉంచుకుని, పోలింగు రోజున దాసన్నపేట స్కూల్లోనే ఓటు వేసి వచ్చింది.